చివర ఎంచుకోవలసింది, బోరింగుకు ముందే కొనవలసింది: పిస్టన్ల లెక్క

విజయవాడ ఆటోనగర్ ప్రధానంగా లారీల లోకం. బాడీలు కట్టే షెడ్లు, కమాన్లు సరిచేసే కొలుములు, రేడియేటర్లు అతికే దుకాణాలు, వాటి మధ్య అక్కడక్కడ ఇంజను బ్లాకులో అరిగిన సిలిండర్లను కోసి సరిచేసే, అంటే బోరింగు చేసే, లేత్ షాపులు కనిపిస్తాయి. ఆ లేత్ షాపుల్లో ఎక్కువగా దిగేవి డీజిల్ బ్లాకులే అయినా, అప్పుడప్పుడు పాత జిప్సీ ఇంజనునో ఎస్టీమ్ ఇంజనునో ట్రాలీ ఆటోలో వేసుకుని ఒక కుర్రవాడు వస్తాడు. అతను అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయిస్తే ఎంతవుతుంది బాబాయ్?" పోతకు బదులు ఒత్తిడితో నొక్కి చేసే పిస్టన్లవి. మేస్త్రి ధర చెప్పడు. "బండితో ఏం చేద్దామని అబ్బాయ్?" అని ఎదురు అడుగుతాడు. మేస్త్రి మాట దాటవేస్తున్నాడని కుర్రవాడు అనుకుంటాడు గాని, పిస్టన్ల ఎంపిక మొదలుపెట్టవలసిన చోటు అదే.

సిలిండరులో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ను విడిగా చేతిలో పట్టుకుని మంచిదో కాదో చెప్పడం కుదరదు. బోరు (సిలిండరు వెడల్పు) ఎంత, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఎంత, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు పొడవెంత, సిలిండరు మీద మూతలా కూర్చునే హెడ్డులో ఖాళీ ఎంత, వాల్వులను తెరిచే క్యామ్ ఎలాంటిది, ఏ పెట్రోలు పోస్తాం, ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిప్పుతాం, టర్బో ఉందా లేదా అన్నవన్నీ తేలాక, వాటన్నిటి నడుమ మిగిలిన చోటులో ఇమిడేదే సరైన పిస్టన్. కాబట్టి నిర్ణయాల వరుసలో అది చివరిది. కొనుగోళ్ళ వరుసలో మాత్రం అది బోరింగు కన్నా ముందు రావాలి, ఎందుకంటే బోరును పిస్టన్‌కు తగ్గట్టు కోస్తారు గాని పిస్టన్‌ను బోరుకు తగ్గట్టు అరగదీయరు. ఈ రెండు వరుసలను తారుమారు చేసుకోవడం వల్లనే బోలెడు డబ్బు పోసి కట్టిన ఇంజన్లు కూడా పాడవుతాయని నా అభిప్రాయం. వాటిలో నాది కూడా ఒకటుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

లెక్కలు గాలిలో తేలకుండా ఉండటానికి ఒక ఇంజనును ముందు పెట్టుకుందాం. జిప్సీలోను, ఎస్టీమ్‌లోను, 2005లో వచ్చిన తొలి స్విఫ్ట్‌లోను మారుతి వాడిన 1298 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను మన మెకానిక్కులకు కంఠతా వచ్చినది. దాని బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75.5 మిల్లీమీటర్లు, ఒక్కో సిలిండరు 324.7 సీసీ. బోరు అర మిల్లీమీటరు పెంచి 74.5 చేస్తే నాలుగు సిలిండర్లూ కలిపి 1316 సీసీ అవుతుంది. అంటే పెరిగింది 18 సీసీ మాత్రమే. బోరు పెంచితే బలం వస్తుందని నమ్మేవారు ఈ అంకెను ఒకసారి తీరిగ్గా చూడాలి. ఓవర్‌సైజు బోరింగు అరిగిన సిలిండరును మళ్ళీ గుండ్రంగా చేయడానికి పుట్టిన పని. బలం మరోచోటి నుంచి రావాలి.

ఆ మరోచోటు మూడింటిలో ఒకటి. ఇంజనును ఎక్కువ ఆర్‌పీఎం తిప్పి బలం తీయవచ్చు, కంప్రెషన్ (అంటించే ముందు గాలిని, పెట్రోలును కుదించే పాళ్ళు) పెంచి తీయవచ్చు, టర్బోతో గాలిని ఒత్తి పంపి తీయవచ్చు. ఈ మూడూ పిస్టన్‌ను మూడు రకాలుగా పీడిస్తాయి గనుక, మూడింటికీ ఒకే పిస్టన్ మంచిది కాదు.

ఆర్‌పీఎం సంగతే ముందు చూద్దాం. పిస్టన్ పైకి వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కిందికి మళ్ళుతుంది. ఆ మలుపు దగ్గర దానిమీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. మన ఉదాహరణ ఇంజనులో రాడ్డు పొడవు 120 మిల్లీమీటర్లని, రాడ్డుకు తగిలించే పిన్నూ, చుట్టూ ఉండే రింగులూ కలిపి పిస్టన్ బరువు 300 గ్రాములని అనుకుంటే, 6500 ఆర్‌పీఎం దగ్గర పై మలుపులో పిస్టన్ రాడ్డును లాగే బలం సుమారు 700 కిలోల బరువుకు సమానం. 7500 దగ్గర అదే 930 కిలోలు దాటుతుంది. గుంటూరు యార్డు లెక్కలో చెప్పాలంటే, 45 కిలోల మిర్చి టిక్కీలు ఇరవైకి పైగా ఒక్కసారిగా పిన్నుకు వేలాడదీసినట్టు. అదీ సెకనుకు 125 సార్లు. ఆర్‌పీఎం పెరిగింది ఏడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. లాగుడు పెరిగింది మూడో వంతు. ఎక్కువ ఆర్‌పీఎం ఇంజనుకు పిస్టన్ తేలికగా ఉండాలనడం అందుకే. పది గ్రాములు తగ్గినా ఆ మేరకు పిన్ను, రాడ్డు, రాడ్డు బోల్టులు అన్నీ ఊపిరి పీల్చుకుంటాయి.

టర్బో కోరిక సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ పీడించేది లాగుడు కన్నా పైనుంచి పడే ఒత్తిడి, వేడి. పిస్టన్ తల మందంగా ఉండాలి, మొదటి రింగు గాడి తలకు కాస్త దూరంగా దిగి ఉండాలి, రింగుల మధ్య ఉండే కట్టలు వెడల్పుగా ఉండాలి, పిన్ను గోడ దళసరిగా ఉండాలి. ఇవన్నీ బరువు పెంచే మార్పులే. టర్బో బండికి చేసిన పిస్టన్‌ను "ఇంకా గట్టిది కదా" అని టర్బో లేని ఎక్కువ ఆర్‌పీఎం ఇంజనులో వేస్తే అనవసరపు బరువు మోయించడమే అవుతుంది. తేలికపాటి రేసు పిస్టన్‌ను టర్బో కింద పెడితే రింగు కట్టలు విరిగి పళ్ళెం లాంటి ముక్కలు చేతికొస్తాయి.

ఇక లోహం మాట. ఇనుప పిస్టన్ల కాలంలో అల్యూమినియం పిస్టన్ కారులో నిలుస్తుందని చాలామంది నమ్మలేదు. 1913లో తరువాత బెంట్లీ కార్ల కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీ, అప్పట్లో తాను అమ్మే డీఎఫ్‌పీ అనే ఫ్రెంచి కార్లలో 88 శాతం అల్యూమినియం, 12 శాతం రాగి కలిసిన పిస్టన్లు వేయించి అది సాధ్యమేనని చూపించాడు. అప్పటి నుంచి నడిచిన కథంతా ఆ అల్యూమినియంలో ఏం కలపాలి, ఎంత కలపాలి అన్నదే. మన రోజుల్లో ఆ కలిపే పదార్థాల్లో ముఖ్యమైనది సిలికాన్.

కంపెనీ నుంచి వచ్చే మామూలు పిస్టన్ పోతపోసినది. కరిగిన మిశ్రమాన్ని అచ్చులో పోసి చేస్తారు; సిలికాన్ 12 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అదే పోతలో సిలికాన్‌ను 16 నుంచి 18 శాతం దాకా తీసుకువెళ్తే హైపర్‌యుటెక్టిక్ అనే రకం వస్తుంది. సిలికాన్ గట్టి పలుకులుగా లోహమంతా చల్లినట్టు నిలబడుతుంది గనుక ఈ పిస్టన్ అరగదు, వేడికి పెద్దగా వ్యాకోచించదు. దీని లోపం పెళుసుదనం. పెట్రోలు తనంతట తాను ముందే అంటుకునే నాకింగ్ దెబ్బ గట్టిగా తగిలితే వంగదు, గాజులా పగులుతుంది.

ఫోర్జ్‌డ్ పిస్టన్ దారి వేరు. గడ్డగా ఉన్న మిశ్రమాన్ని వేడిచేసి, అచ్చులో పెట్టి, టన్నుల ఒత్తిడితో నొక్కి ఆకారం తెస్తారు. పోతలో ఉండే గాలి బుడగలు, నెర్రెలు దీనిలో ఉండవు. లోహపు పోగులు ఆకారాన్ని అనుసరించి ఒద్దికగా పరుచుకుంటాయి. అయితే ఫోర్జ్‌డ్ అన్న ఒక్క మాటతో ఆగిపోవడం సగం సమాచారంతో ఆగిపోవడం. ఆ మాట వెనుక ప్రధానంగా రెండు మిశ్రమాలున్నాయి, వాటి స్వభావాలు అన్నదమ్ముల్లా కాదు, తోడికోడళ్ళలా ఉంటాయి. వాటిని నంబర్లతో పిలుస్తారు. ఒకటి 4032, దీనిలో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది. రెండోది 2618; దీనిలో సిలికాన్ పావు శాతం కూడా ఉండదు, బదులుగా రాగి, మెగ్నీషియం, నికెల్, ఇనుము చిన్న చిన్న పాళ్ళలో ఉంటాయి. కాంకార్డ్ విమానపు పైతొడుగుకు వాడినది ఈ రెండో మిశ్రమపు కుటుంబంలోనిదే, వేడిలో బలం నిలుపుకుంటుందన్న కారణంతోనే.

4032 పిస్టన్ తక్కువ వ్యాకోచిస్తుంది. కాబట్టి బోరులో బిగువుగా కూర్చుంటుంది, ఉదయం చల్లటి ఇంజను మొదలైనప్పుడు టకటకమని చప్పుడు చేయదు, రింగు గాడులు నిదానంగా అరుగుతాయి. 2618 సాగే గుణం ఎక్కువ ఉన్నది. నాకింగ్ వచ్చినా, గాలిలో పెట్రోలు పాలు తగ్గి వేడెక్కినా, పగలకుండా వంగి, సొట్టపడి, యజమానికి ఒక హెచ్చరిక ఇచ్చి నిలుస్తుంది. దానికి ప్రతిగా ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఉండి చప్పుడు చేస్తుంది, గాడులు త్వరగా అరుగుతాయి. టర్బో ఒత్తిడి గట్టిగా పెట్టే ఇంజనుకు, ప్రతి సీజనుకూ విప్పి చూసే రేసు ఇంజనుకు 2618 తగినది. రోజూ బెంజి సర్కిల్ సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ, ఆదివారం మాత్రం హైవే ఎక్కే బండికి 2618 వేయించడం పెళ్ళికి కట్టే పట్టుచీరతో పొలం పనికి వెళ్ళడం లాంటిది. అటువంటి బండికి 4032 చాలు. కంప్రెషన్ పెంచకుండా, ఆర్‌పీఎం పెంచకుండా కేవలం ఇంజనును కొత్తగా చేయించుకునేవారికి మంచి పోత పిస్టన్లే చాలు. ఈ చివరి మాట దుకాణంలో చెబితే అమ్మేవారికీ నచ్చదు, కొనేవారికీ నచ్చదు.

వ్యాకోచం అన్న మాటను అంకెల్లో చూడకపోతే దాని విలువ తెలియదు. 74.5 మిల్లీమీటర్ల పిస్టన్ స్కర్టు (రింగుల కింది భాగం) 100 డిగ్రీలు వేడెక్కితే 4032 అయితే 0.144 మిల్లీమీటరు పెరుగుతుంది, 2618 అయితే 0.166 పెరుగుతుంది. తేడా మిల్లీమీటరును వంద పాళ్ళు చేస్తే అందులో రెండు పాళ్ళు. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. కాని ఈ సైజులో పోత పిస్టన్‌కు బోరులో వదిలే సందే సాధారణంగా 0.02 నుంచి 0.04 మిల్లీమీటరు. 4032కు 0.04 నుంచి 0.06 వరకు, 2618కు 0.06 నుంచి 0.09 వరకు వదలడం మామూలు. ఇవి దారి తెలియడానికి చెప్పే అంకెలు. ఆఖరి మాట పిస్టన్ పెట్టెలో మడతపెట్టి ఉంచే కాగితానిదే.

ఆ కాగితాన్ని నేను చదవలేదు. పోత పిస్టన్ల సెట్టు కొని, వాటి కొలతకు నాలుగు బోర్లూ 74.50 చేయించాను. ఇంతలో ఒక మిత్రుడి దగ్గర 2618 సెట్టు, అదీ 0.50 ఓవర్‌సైజే, వాడకుండా పడి ఉందని తెలిసింది. సైజు ఒకటే గదా అని అవి తెచ్చి బిగించేశాను. కొందరు తయారీదారులు పెట్టె మీద బోరు సైజు వేసి, సందును తామే తగ్గించి పిస్టన్ కోస్తారు. మరికొందరు పిస్టన్ సైజే వేసి, సందును బోరులో వదులుకోమంటారు. నాకు దొరికినవి రెండో రకం. స్కర్టు దగ్గర 74.47 ఉంది, కాగితం మాత్రం 0.08 సందు వదలమంటోంది. మొదటి నూట యాభై కిలోమీటర్లు ఏమీ తెలియలేదు. గుంటూరు నుంచి తిరిగి వస్తూ కాజ టోల్‌గేటు దాటాక కాస్త గట్టిగా తొక్కాను. బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు బరువెక్కింది, తరువాత ఆగిపోయింది.

విప్పి చూస్తే మూడో పిస్టన్ స్కర్టు మీద, పిన్నుకు అటూ ఇటూ, నాలుగు మూలల్లో నాలుగు నిలువు గీరలు ఉన్నాయి. అల్యూమినియం పాకి, మెరుస్తూ, వేలు పెడితే గరగరలాడుతోంది. మేస్త్రి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఆయిలు లేక పట్టేస్తే ఒకవైపు గీరుకుంటుంది అబ్బాయ్. నాలుగు మూలలా గీరుకుందంటే చోటు చాలలేదని" అన్నాడు. పిస్టన్ చూడటానికి గుండ్రంగా కనిపిస్తుంది గాని నిజానికి కోడిగుడ్డులా కాస్త కోలగా ఉంటుంది. పిన్ను దిశలో లోహం ఎక్కువ, వ్యాకోచమూ ఎక్కువ గనుక ఆ దిశలో కావాలనే సన్నగా కోస్తారు. తలవైపు వేడి ఎక్కువ గనుక పైకి పోయేకొద్దీ ఇంకా సన్నగా ఉంటుంది. సందు బొత్తిగా చాలనప్పుడు ఆ కోలతనం చాలక పిన్ను పక్కనున్న మూలలు ముందుగా గోడను తాకుతాయి. పిస్టన్ కొలత తీసేటప్పుడు మైక్రోమీటరును పిన్నుకు అడ్డంగా, స్కర్టు మీద తయారీదారు చెప్పిన ఎత్తులోనే పెట్టాలి. ఐదు మిల్లీమీటర్లు పైకి జరిపినా వేరే అంకె వస్తుంది, ఆ అంకెతో కోసిన బోరు వేరే పిస్టన్‌కు కోసిన బోరవుతుంది.

కంప్రెషన్ దగ్గర కూడా ఇలాగే చిన్న కొలతలు పెద్ద పని చేస్తాయి. పిస్టన్ అడుగు నుంచి పైకి వచ్చేసరికి తుడిచే ఖాళీకి పైన మిగిలే ఖాళీని కలిపి, ఆ మొత్తాన్ని పైన మిగిలే ఖాళీతో భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి వస్తుంది. మన ఇంజనులో నిష్పత్తి 9.5 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 38.2 సీసీ. దాన్ని 10.5 చేయాలంటే 34.2 సీసీకి తగ్గించాలి. తేడా నాలుగు సీసీ. టీ చెంచాలో పట్టే నీళ్ళ కన్నా తక్కువ. ఇంజను స్వభావాన్ని మార్చివేసే ఆ తేడా పిస్టన్ తల మీద ఒక చిన్న ఉబ్బుగానో, పల్లం పూడ్చడంగానో ఉంటుంది. కుదించిన తరువాత 1.2 మిల్లీమీటర్ల మందం ఉండే హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే ఐదు సీసీకి పైగా చోటు తీసుకుంటుంది గనుక, గ్యాస్కెట్ మందం తేలకుండా పిస్టన్ తల ఆకారం ఎంచుకోవడంలో అర్థం లేదు.

హెడ్డు ఖాళీని కేటలాగులో వెతకవద్దు. హెడ్డును ఎప్పుడో ఎవరో అరగదీసి ఉండవచ్చు. దాన్ని తిరగేసి, వాల్వులు, ప్లగ్గు బిగించి, అంచున గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న దళసరి అద్దంలాంటి ప్లాస్టిక్ పలకను అతికించి, మెడికల్ షాపులో దొరికే సిరంజితో రంగు కలిపిన కిరోసిన్ నింపితే పట్టినంతే దాని ఖాళీ. గాలి బుడగ మిగలకుండా చూసుకుంటే పావుగంట పని. నాలుగు గదులకూ విడివిడిగా కొలవాలి, ఒకదానికొకటి సరిపోకపోవడమే మామూలు.

నిష్పత్తి ఎంతవరకు పెంచవచ్చన్నది ఇంధనం చేతిలోను, ఊరి ఎండ చేతిలోను ఉంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత అయిన ఆక్టేన్ దానిలో కనీసం 95. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని బాగా పీల్చుకుంటుంది కూడా. ఈ రెండూ ఎక్కువ కంప్రెషన్‌కు అనుకూలమే. ఎదురు తట్టలో బెజవాడ మే నెల ఉంది. బానెట్ కింద గాలి యాభై, అరవై డిగ్రీల దాకా కాగి లోపలికి పోతే, స్పార్కు మంట చేరకముందే మూలనున్న గాలి, పెట్రోలు మిశ్రమం తనంతట తాను అంటుకుంటుంది. గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు వినిపించే నాకింగ్ అదే. అది పిస్టన్ తలను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ముందుగా విరిగేది మొదటి రెండు రింగుల మధ్య కట్ట. 300 డిగ్రీలకు చేరేసరికి అల్యూమినియం మిశ్రమాల బలం సగం కన్నా కిందికి పడిపోతుందని గుర్తుంచుకుంటే, ఆ కట్ట ఎందుకంత సులువుగా విరుగుతుందో అర్థమవుతుంది. టర్బో లేని రోడ్డు బండికి మన వాతావరణంలో 10 నుంచి 10.5 దాటకపోవడం మేలని నేననుకుంటాను. టర్బో పెట్టేవారు 8.5, 9 దగ్గర ఆగడం క్షేమం. ఇథనాల్‌కు గాలితో పోలిస్తే ఇంధనం పాలు ఎక్కువ కావాలి గనుక, కార్బొరేటరు బండికి పెట్రోలు వదిలే జెట్లు, ఇంజెక్షన్ బండికి ఇంధనం లెక్క ఉండే మ్యాపు మార్చకుండా కంప్రెషన్ పెంచితే పెట్రోలు తక్కువైన పలచని మిశ్రమం పిస్టన్ తలకు బెజ్జం పెడుతుంది. ఇథనాల్ వల్ల పాత ఎస్టీమ్‌కు రబ్బరు పైపులు కూడా మార్చవలసి వస్తుంది.

క్యామ్‌ను కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. పిస్టన్ పైకి తిరిగాక కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. అది మూసుకునేదాకా కంప్రెషన్ మొదలైనట్టు కాదు. ఎక్కువ సేపు తెరిచి ఉంచే రేసు క్యామ్ పెడితే కాగితం మీది 11 నిజంలో 10 లాగా ప్రవర్తిస్తుంది. అందుకే పెద్ద క్యామ్‌కు పెద్ద నిష్పత్తి సరిపోతుంది, చిన్న క్యామ్‌కు అదే నిష్పత్తి నాకింగ్ తెస్తుంది. క్యామ్ ఏదో తేలకముందే పిస్టన్ ఆర్డరు ఇచ్చేవారు ఈ లెక్కలో సగం చీకట్లో వేసినట్టే.

కంప్రెషన్‌ను పెద్ద ఉబ్బు ఉన్న పిస్టన్ తలతో తెచ్చుకోవడం చూడటానికి బాగుంటుంది, చేతిలో పట్టుకుంటే రేసు వస్తువులా ఉంటుంది. కాని ఆ గుట్ట మంటకు అడ్డు నిలుస్తుంది, బరువు పెంచుతుంది, వేడి పీల్చే విస్తీర్ణం పెంచుతుంది. వీలైనంత వరకు చదును తల పిస్టన్, చిన్న గది ఉన్న హెడ్డు మంచి జత. పిస్టన్ అంచు పైకి వచ్చినప్పుడు హెడ్డు చదునుకు ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఆగితే, ఆ సందులోని మిశ్రమం మధ్యకు చిమ్మి మంటను తొందరపెడుతుంది. ఇది నాకింగ్‌కు మందు. స్టీలు రాడ్డుకు 0.9 కన్నా తగ్గిస్తే మాత్రం ఎక్కువ ఆర్‌పీఎంలో రాడ్డు సాగి పిస్టన్ హెడ్డును ముద్దాడుతుంది.

ఆ అంచు ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది పిన్ను మధ్య నుంచి తల దాకా ఉండే ఎత్తు. స్ట్రోకులో సగం, రాడ్డు పొడవు, ఈ ఎత్తు కలిపితే బ్లాకు ఎత్తుకు సరిపోవాలి. స్ట్రోకు నాలుగు మిల్లీమీటర్లు పెంచితే పిస్టన్ ఎత్తు రెండు తగ్గాలి. రాడ్డు మూడు పెంచితే ఎత్తు మూడు తగ్గాలి. మరీ తగ్గిస్తే పిన్ను రంధ్రం ఆయిలు రింగు గాడిలోకి చొచ్చుకువస్తుంది. కూడికల లెక్కే అయినా, పొరపాటు జరిగితే దిద్దుకునే చోటు లేని లెక్క ఇది.

వాల్వుల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ఎత్తు ఎక్కువ లేపే క్యామ్‌తో వాల్వు తల పిస్టన్‌కు మరీ దగ్గరగా వస్తుంది. పిల్లలు ఆడుకునే రంగు మట్టిని పిస్టన్ తల మీద వాల్వు గుంటల్లో పరిచి, పైన కాస్త ఆయిలు రాసి, హెడ్డు బిగించి, క్యామ్ టైమింగ్ కలిపి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పితే వాల్వు అచ్చు మట్టిలో పడుతుంది. బ్లేడుతో నిలువుగా కోసి, మిగిలిన మందం కొలిస్తే అదే సందు. ఇన్‌టేక్ వైపు రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వును పిస్టన్ వెనుక నుంచి తరుముతూ వస్తుంది, స్ప్రింగు క్షణం ఆలస్యం చేసినా తగులుతుంది. పైగా వేడికి ఆ వాల్వే ఎక్కువ సాగుతుంది. అందుకే దానికి అర మిల్లీమీటరు అదనం.

రింగుల విషయంలో ఒక్కటే గట్టిగా చెప్పవలసినది ఉంది. రింగును బోరులోకి దించి, తిరగేసిన పిస్టన్‌తో అంగుళం లోతుకు సమంగా నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజీతో కొలవాలి. టర్బో లేని ఇంజనుకు మొదటి రింగుకు బోరులో వెయ్యికి నాలుగు పాళ్ళు, అంటే 74.5కు 0.30 మిల్లీమీటరు, టర్బోకు 0.37 నుంచి 0.45 వరకు. రెండో రింగు సందు మొదటిదాని కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, లేకపోతే మధ్యలో చిక్కిన గ్యాసు మొదటి రింగును పైకి లేపుతుంది. సందు ఎక్కువైతే కాస్త పొగ, కాస్త బలం నష్టం. తక్కువైతే వేడికి కొసలు ఒకదానితో ఒకటి గుద్దుకుని పిస్టన్ కట్టనే పెకిలించుకుపోతాయి. అనుమానం వస్తే పెద్ద సందువైపే మొగ్గాలి.

మోటారు సైకిళ్ళ వారికి రెండు మాటలు. 70 బోరు, 90 స్ట్రోకు ఉన్న పాత బుల్లెట్ 350 లాంటి ఒంటి సిలిండరు ఇంజనులో పిస్టన్ బరువులో కొంత భాగానికి సరితూగేట్టు క్రాంకు వెనుక బరువు పెట్టి ఉంటారు. నాలుగు సిలిండర్ల ఇంజనులో నాలుగు పిస్టన్లూ ఒకదానికొకటి సమంగా ఉంటే చాలు, ఒక గ్రాము తేడాలోపు. బుల్లెట్‌లో మాత్రం పిస్టన్ బరువు మారితే వణుకు స్వభావమే మారుతుంది. తేలిక పిస్టన్ వేశాక హ్యాండిలు ఇంకా ఎక్కువ వణికితే పిస్టన్‌ను తిట్టకూడదు. కొత్త తరం బైకుల్లో చాలావాటికి అల్యూమినియం సిలిండరు లోపల నికెల్, సిలికాన్ కార్బైడు పూత ఉంటుంది. దాన్ని మామూలు బోరింగు మిషను మీద పెట్టకూడదు, పూత పోతే సిలిండరు పోయినట్టే. ఇంజను సామర్థ్యం మారితే ఆర్‌సీ పుస్తకంలోని వివరాలతో తేడా వస్తుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దాన్ని ఒప్పుకోదు. ట్రాకుకే పరిమితమైన బండి సంగతి వేరు.

ఇవన్నీ తేలి, పిస్టన్లు చేతికొచ్చాక మిగిలేది బోరింగు. నా ఇంజనును రెండోసారి చేసిన మేస్త్రి ముందుగా నాలుగు పిస్టన్లనూ విడివిడిగా కొలిచి, తలల మీద మార్కరుతో ఒకటి నుంచి నాలుగు దాకా వేసి, ప్రతి దాని కొలతనూ బ్లాకు పక్కన సుద్దతో రాశాడు. ఒకదానికి మరొకదానికి 0.005 తేడా ఉంది. బోర్లు కూడా అదే తేడాతో కోయాలన్నాడు. హెడ్డు బిగించినప్పుడు బ్లాకు ఎలా బిగుసుకుంటుందో అలాగే బిగుసుకోవడానికి దళసరి ఇనుప పలకను బోల్టులతో బిగించి, అప్పుడు హోనింగు (సిలిండరు గోడను రాళ్ళతో సన్నగా రుద్దడం) చేస్తానన్నాడు. అది మే నెల. పిస్టన్ల పెట్టె నా బండి వెనుక సీటు మీద ఎండలో రెండు గంటలు ఉంది. పదిహేను డిగ్రీల తేడా ఉంటే పిస్టన్ కొలత 0.025 మిల్లీమీటరు మారుతుంది. పోత పిస్టన్‌కు అయితే సందు మొత్తం అంతే. ఆయన వాటిని ముట్టుకుని చూసి కొలవడం ఆపేశాడు. బ్లాకు పక్కనే బల్ల మీద పరిచి, గోనెపట్టా కప్పి, "రెండూ ఒకే వేడికి రానీ, తెల్లారి ఆరింటికి రా" అన్నాడు. మిగిలిన ఆఖరి కాస్తా ఆ ఉదయమే కోశాడు.